చెవి మేస్త్రి ఎత్తని ఫోన్లు

ఆయన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో అందరికీ ఆయన చెవి మేస్త్రి. మొరాయించిన లిఫ్టు దగ్గరికి వెళ్తే మిగతావాళ్లు ముందు ప్యానెల్ తెరిచి మీటరు పెడతారు. ఈయన మేడ మీది మోటారు గదిలో గోడకు వీపు ఆనించి, కళ్లు మూసుకుని, లిఫ్టును రెండుసార్లు పైకీ కిందికీ తిప్పించి వింటాడు. "బ్రేకు వదలడం ఆలస్యమవుతోంది" అంటాడు. లేకపోతే "మూడో అంతస్తులో తలుపు రోలరు అరిగింది" అంటాడు. విప్పి చూస్తే అదే. నలభై రెండేళ్ల మనిషి, ఇరవై ఏళ్ల సర్వీసు. భార్య రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్. పదో తరగతి చదివే కూతురు ఒకతె. బయటినుంచి చూస్తే ఆ ఇంట్లో వంక పెట్టడానికి ఏమీ లేదు.

మూడేళ్ల కిందటి దాకా ఆయన ఒంటరిగా పనిచేసేవాడు కాదు. పదిహేనేళ్లు ఒకే జోడీదారు. ఒకరు మోటారు గదిలో ఉంటే ఇంకొకరు లిఫ్టు నెత్తిమీద నిలబడి రోప్‌లకు గ్రీజు రాసేవారు. ఇద్దరికీ ఒకే టిఫిన్ క్యారియర్, ఒకరి మీద ఒకరు మోటు జోకులు. ఒకరోజు మేస్త్రి పానా తేవడానికి కిందికి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి జోడీదారు ఏడో అంతస్తు నుంచి లిఫ్టు గోతిలో పడి చనిపోయి ఉన్నాడు. తప్పు ఎవరిదీ కాదని విచారణలో తేల్చారు. మేస్త్రి రెండు వారాలు సెలవు పెట్టి, మూడో వారం పనిలోకి వచ్చేశాడు. కన్నీటి చుక్క కూడా రాలలేదు. "గట్టి గుండె" అన్నారు అందరూ. కంపెనీ ఇంకో జోడీని ఇవ్వలేదు.

అప్పట్నుంచి నిద్ర పట్టేది కాదు. పక్కన భార్య అలిసి నిద్రపోతుంటే ఫోను పట్టుకుని బాత్రూంలో కూర్చునేవాడు. అందరూ ఎప్పుడో ఒకప్పుడు చూసే బూతు వీడియోలే. చూస్తున్న కాసేపు బుర్ర ఖాళీ అయ్యేది, ఏడో అంతస్తు గుర్తొచ్చేది కాదు. అదే ఆయనకు కావలసింది. మొదట్లో పావుగంట చాలేది. ఏడాది తిరిగేసరికి రెండు గంటలు. తర్వాత పగలు, పనిలో. మోటారు గదికి లోపల గొళ్లెం ఉంటుంది, ఎవరూ రారు. అంతకన్నా చెడ్డ చోటు ఇంకేముంటుంది? ఆ తర్వాత ముక్కూ మొహం తెలియని ఆడవాళ్లతో చాటింగులు. రెండుసార్లు ఎవరో చెప్పిన లాడ్జీకి కూడా వెళ్లొచ్చాడు. రెండోసారి మెట్లు దిగుతూ వాంతి చేసుకున్నాడు.

మానాలని చూడలేదా అంటే, చూశాడు. యాప్‌లన్నీ తీసేసేవాడు, మర్నాడు మధ్యాహ్నానికల్లా మళ్లీ పెట్టుకునేవాడు. కూతురి మీద ఒట్టు వేసుకున్నాడు. ఒట్టు తప్పిన రోజు పిల్ల మొహం చూడలేక అన్నం కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఇదంతా సరదా కోసం చేస్తున్నాడనుకోవడానికి కూడా లేదు. సరదా ఎప్పుడో పోయింది. దురద పెట్టిన చోట నెత్తురు వచ్చేదాకా గోకినట్టు ఉండేది. భార్యను తాకడం కూడా మానేశాడు. ఆమె ఒకసారి "ఒంట్లో బాగోలేదా?" అని అడిగింది, ఇంకోసారి "నామీద కోపమా?" అని అడిగింది. మూడోసారి అడగలేదు.

ఒక్కసారి మాత్రం పాత స్నేహితుడి దగ్గర సగం చెప్పాడు. ఆ స్నేహితుడు టీ పొలమారేలా నవ్వాడు. "ఓరి నీ దుంపతెగ! ఇది కూడా జబ్బేనట్రా? మాకు లేదే ఈ జబ్బు అని మేం ఏడుస్తుంటే!" అని వీపు మీద చరిచాడు. మేస్త్రి కూడా నవ్వేశాడు. మిగతా సగం లోపలే ఉండిపోయింది.

*

ఆ రోజు సంగతికి వద్దాం. తొమ్మిది అంతస్తుల భవనం, రెండు లిఫ్టులు. ఒకటో లిఫ్టుకు నెలవారీ సర్వీసు. పద్ధతి ప్రకారం లిఫ్టును కింద నిలిపి, లోపల ఎవరూ లేరని కళ్లతో చూసి, తలుపు దగ్గర బోర్డు పెట్టి, ఆ తర్వాతే పైకి వెళ్లి మెయిన్ స్విచ్ దించాలి. ఇరవై ఏళ్లలో మేస్త్రి ఈ వరస ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ ఉదయం మాత్రం ధ్యాసంతా ఫోను మీదే. బోర్డు పెట్టాడు గానీ లోపల చూడలేదు. లిఫ్టు కిందికి వచ్చేదాకా ఆగలేదు కూడా. రెండో లిఫ్టులో పైకి వెళ్లి, మోటారు గదిలో దూరి, స్విచ్ దించి, గొళ్లెం వేసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య ఆగిపోయిన లిఫ్టులో ఒక పెద్దావిడ చిక్కుకుంది. రిటైరైన లెక్కల టీచరు, ఆరో అంతస్తులో ఒంటరిగా ఉంటుంది, ఉబ్బసం మనిషి. గంట నొక్కింది. కింద వాచ్‌మన్ బల్ల దగ్గర గంట మోగింది. అతను మేస్త్రికి ఫోన్ చేశాడు.

ఇక్కడ జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆ ఫోను మేస్త్రి చూశాడు. చూస్తున్న దానికి అడ్డం వచ్చిందని వేలితో పక్కకు తోసేశాడు. మళ్లీ వచ్చింది, మళ్లీ తోశాడు. మొత్తం పదకొండు సార్లు. మూడోదానికే ఏదో అయిందని ఆయనకు తెలుసు. "ఇంకొక్క నిమిషం" అనుకున్నాడు. ఆ ఒక్క నిమిషం యాభై నిమిషాలైంది. చివరికి వాచ్‌మన్ గేటు ఇంకొకరికి అప్పజెప్పి పైకి వచ్చి తలుపు బాదితే, ఆ అదురు వీపుకు తగిలి లేచాడు.

తలుపులు తెరిచి పెద్దావిడను ఎత్తి దించారు. చీర తడిసిపోయింది. పెదాలు నీలం తిరిగాయి. మందు పీల్చి, గోడ పట్టుకుని, ఆమె మొదట అన్న మాట, "నీకు పుణ్యం ఉంటుంది బాబూ. సమయానికి వచ్చావు."

"ఫోను సైలెంట్‌లో ఉండిపోయిందమ్మా" అన్నాడు మేస్త్రి.

అందరూ నమ్మారు. ఇరవై ఏళ్ల మంచి పేరు మరి. వాచ్‌మన్ మంచినీళ్ల సీసా కూడా తెచ్చి మేస్త్రికి ఇచ్చాడు.

అక్కడితో భయపడి ఆగి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. ఆ మధ్యాహ్నం మూడింటికి ఇంకో భవనం, ఇంకో మోటారు గది. పెద్దావిడ నీలం పెదాలే కళ్లముందు మెదులుతున్నాయి. అవి మరిచిపోవాలని మళ్లీ అదే ఫోను తీశాడు. పది నిమిషాల తర్వాత గచ్చు మీద కూలబడి, "నేను ఆగలేను" అని పైకే అన్నాడు. గదిలో ఎవరూ లేరు. తన గొంతే వేరేవాడి గొంతులా వినిపించింది. ఆపాలని లేకపోవడం వేరు, ఆపలేకపోవడం వేరు. ఆ తేడా ఆయనకు ఆ గచ్చు మీద తెలిసింది.

*

ఆ వారమే మేస్త్రి ఒక మానసిక వైద్యురాలి గదిలో కుర్చీ అంచున కూర్చుని పావుగంట నిద్ర పట్టడం లేదనే చెప్పాడు. ఆవిడ తొందరపెట్టలేదు. చివరికి నేల చూపులు చూస్తూ విషయం కక్కేశాడు. కక్కేసి, "నేను పశువునండీ" అన్నాడు.

"అది నేను రాసుకునే మాట కాదు" అందావిడ. "కొన్ని ప్రశ్నలు అడుగుతాను. సిగ్గుపడకుండా చెప్పండి. మానాలని ఎన్నిసార్లు చూశారు?"

"లెక్క లేదమ్మా."

"దీనివల్ల నష్టం జరుగుతోందని తెలిసీ చేస్తున్నారా?"

మేస్త్రి లిఫ్టు సంగతి చెప్పాడు. ఆవిడ కలం ఆగింది, మళ్లీ సాగింది. "ఆనందం ఉంటోందా?"

"రెండేళ్ల నుంచీ లేదు."

"పిల్లల జోలికి గానీ, ఇష్టం లేని వాళ్ల జోలికి గానీ వెళ్లారా?"

"లేదు! చచ్చినా లేదు."

తాగుడు ఉందా, వేరే జబ్బులకు మాత్రలేమైనా వాడుతున్నారా అని అడిగింది. కొన్ని మందులు కూడా ఇలాంటి పిచ్చి తపనను రేపుతాయట. నిద్రే అక్కర్లేనంత ఉషారు రోజుల తరబడి ఎప్పుడైనా వచ్చిందా అనీ అడిగింది. అన్నీ అయ్యాక కలం పక్కన పెట్టింది.

"కోరిక ఎక్కువ ఉండటం జబ్బు కాదండీ. చేసింది తప్పనిపించి బాధపడటం ఒక్కటే ఉన్నా జబ్బు అనం. నెలల తరబడి పగ్గాలు చేజారిపోవడం, పనీ ఇల్లూ పాడవుతున్నా ఆపలేకపోవడం, సుఖం లేకపోయినా చేస్తూనే ఉండటం, ఇవన్నీ కలిస్తే అది అదుపు తప్పిన లైంగిక ప్రవర్తన. దానికి వైద్యం ఉంది. త్వరగా నయమవుతుందని మాత్రం చెప్పను. దాని వెనక దిగులు కూడా ఉంది మీకు. దానికి మాత్ర రాస్తాను. వారం వారం మా కౌన్సెలర్ దగ్గర కూర్చోవాలి. ఇంకోటి, రక్తపరీక్ష చేయించుకోండి. మీ ఆవిడకు కూడా అవసరం. అంటే ఆవిడకు చెప్పాలి."

మొదటివన్నీ సరేనన్నాడు. చివరిది వినబడనట్టు బయటికి వచ్చేశాడు.

*

రక్తం ఇవ్వడానికి ఊరి చివర ఒక చిన్న సేకరణ కేంద్రం వెతుక్కున్నాడు. దొంగ పేరు చెప్పాడు. రిపోర్టు ఫోనుకే వస్తుందంటే నంబరు మాత్రం తనదే ఇచ్చాడు. ఆ కేంద్రం వాళ్లు రక్తపు గొట్టాలన్నీ పెద్ద ల్యాబుకు పంపుతారని ఆయనకు తెలియదు. ఆ పెద్ద ల్యాబులో, ఆ మధ్యాహ్నం, ఆ బల్ల దగ్గర కూర్చున్నది ఆయన భార్య.

పేరు ఎవరిదో. వయసు నలభై రెండు. పరీక్షలు లాడ్జీలకు వెళ్లేవాళ్లు చేయించుకునేవి. కింద పది అంకెలు. పద్దెనిమిదేళ్లుగా రోజుకు నాలుగుసార్లు నొక్కే అంకెలు. ఆమె గొట్టాన్ని యంత్రంలో పెట్టింది. మిగతా ముప్ఫై గొట్టాలూ పెట్టింది. ఫలితాలు రాసింది. ఆయనది ఏ దోషమూ లేదని వచ్చింది. చేతి తొడుగులు తీసి, తన మోచేతికి తనే రబ్బరు పట్టీ కట్టుకుంటుంటే పక్క టెక్నీషియన్ చూసి, "ఏమైందక్కా?" అంది. "నీరసంగా ఉంది, చూసుకుందామని" అని, ఆ అమ్మాయి చేతికి సూది ఇచ్చి తల తిప్పుకుంది.

సాయంత్రం పిల్ల ట్యూషన్‌కు వెళ్లాక ఫారం కాపీ తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఈ నంబరు ఎవరిది?"

మేస్త్రి ఆ కాగితాన్ని బోర్లా తిప్పాడు.

"నువ్వే కదా?" పెళ్లైనప్పటి నుంచీ ఆమె ఆయన్ను 'మీరు' అనే పిలిచేది. ఆ రోజు 'నువ్వు' అనేసింది. "ఎవతె అది? ఎన్నాళ్ల నుంచి?"

"ఎవరూ లేరు. ఒక మనిషి కాదు." ఆయన మొదలుపెట్టి, లాడ్జీ, ఫోను, మోటారు గది, పెద్దావిడ, డాక్టరు, అన్నీ చెప్పాడు. వరస లేకుండా చెప్పాడు. అయిపోయాక ఆమె అంది: "ఇంకో ఆడది ఉంటే బాగుండేది. దాన్ని తిట్టుకుని ఏడ్చేదాన్ని. దీన్నేం చేసుకోను?"

"జబ్బు అంది డాక్టరమ్మ."

"జబ్బైతే జబ్బు. జబ్బుంటే అబద్ధాలు చెప్పాలా? నాకు అంటించి ఉంటే? రోజూ వందమంది రక్తం చూస్తాను నేను, నాకు చెప్పు!" లేచి, తన దిండు తీసుకుని పిల్ల గదిలోకి వెళ్లిపోయింది. ఆమె పరీక్షలోనూ ఏమీ తేలలేదు. కొన్ని వారాల తర్వాత మరోసారి చేయించుకోమన్నారు. ఆ వారాలన్నీ ఆమె చేతిలో ఏ గొట్టం పట్టుకున్నా తనదే అనిపించేదట.

*

కౌన్సెలర్ బట్టతల పెద్దాయన, మెల్లగా మాట్లాడతాడు. ఉపన్యాసాలు ఇవ్వడు. మొదటి వారం ఒక నోటుపుస్తకం రాయమన్నాడు. తపన ఎప్పుడు లేచింది, అంతకుముందు ఏం జరిగింది, ఎంతసేపు ఉంది. మూడు వారాలు రాశాక మేస్త్రికే తెలిసింది, అది ఎక్కువగా లేచేది సంతోషంలోనో ఆడవాళ్లను చూసినప్పుడో కాదు, పని ముగిసి చుట్టూ నిశ్శబ్దం అయిపోయినప్పుడు.

"లేచినప్పుడు దానితో కుస్తీ పట్టకండి. దాని మాటా వినకండి. గడియారం చూస్తూ కూర్చోండి" అన్నాడు పెద్దాయన. "పెరుగుతుంది, ఇంక చచ్చిపోతాననిపిస్తుంది, తర్వాత దానంతటదే తగ్గుతుంది."

"తగ్గకపోతే?"

"తగ్గకపోతే నాకు ఫోన్ చేసి తిట్టండి."

మేస్త్రి చాలా నెలల తర్వాత నవ్వాడు. వట్టి మాట్లాడుకునే బటన్ల ఫోను కొనుక్కున్నాడు. మోటారు గది గొళ్లెం వేయడం మానేశాడు. మొదటిసారి పదిహేడు నిమిషాలు చెమటలు కక్కుతూ కూర్చున్నాడు, తగ్గింది. అలా మూడు నెలలు గడిచాయి. గట్టెక్కాననుకున్నాడు.

నాలుగో నెలలో ఒక భవనానికి పంపారు. వెళ్లాక గానీ గుర్తు రాలేదు, జోడీదారు పడిపోయిన చోటది. పని పూర్తి చేశాడు. ఇంటికి వస్తూ దారిలో పాత ఫోన్ల అంగట్లో ఒక స్మార్ట్ ఫోను కొన్నాడు. నాలుగు రోజులు మళ్లీ నరకం. ఐదో రోజు ఆ ఫోను తెచ్చి కౌన్సెలర్ బల్ల మీద పడేసి, "నావల్ల కాదు. మీ టైము వృథా" అన్నాడు.

"కొనేముందు ఎక్కడున్నారు?"

మేస్త్రి చెప్పాడు. చెబుతూ చెబుతూ, పానా సంగతి దగ్గర ఆగిపోయాడు. "కిందికి వెళ్లాల్సింది వాడు. ఆ రోజు లిఫ్టు నెత్తిమీద వంతు నాది. వాడికి మోకాలు నొప్పిగా ఉందంటే, నేను తెస్తాలేరా అన్నాను." మూడేళ్లుగా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ముక్కు చీదుకుంటూ, చిన్నపిల్లాడిలా, అరగంట. తర్వాతి ఆరు వారాలు వాళ్లు వీడియోల సంగతి దాదాపు ఎత్తలేదు. జోడీదారు గురించే మాట్లాడుకున్నారు.

*

ఒకటి మాత్రం ఆయన్ను తినేస్తూ ఉండేది. పెద్దావిడ అన్న "పుణ్యం ఉంటుంది బాబూ." ఆమెకు చెప్పేయాలన్నాడు. కౌన్సెలర్ అడిగాడు: "మీ బరువు దించుకోవడానికా? ఆవిడకు తెలియాల్సిన నిజం అనా? రెండోదైతే తెలియాల్సినంతే చెప్పండి. మిగతాది ఆవిడ నెత్తిన పెట్టకండి. ముందు కంపెనీలో చెప్పండి."

సూపర్‌వైజరు విని చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. "చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదయ్యా" అన్నాడు.

"అందుకే చెప్తున్నాను సార్."

ఉద్యోగం పోలేదు గానీ, భవనాలకు వెళ్లే సైటు పని పోయింది. వర్క్‌షాపులో నలుగురి మధ్య బల్ల దగ్గర బ్రేకులు విప్పి బిగించే పని ఇచ్చారు. చుట్టూ గ్రైండర్ల రొదలో చెవికి పనేమీ లేదు. ఆయన దాన్ని శిక్ష అనుకోలేదు, అదృష్టమనీ అనుకోలేదు.

ఆదివారం ఉదయం ఆరంతస్తులు మెట్లెక్కి పెద్దావిడ తలుపు తట్టాడు. ఆమె లోపలికి రమ్మంది. కూర్చోకుండానే చెప్పాడు. "ఆ రోజు నా ఫోను సైలెంట్‌లో లేదమ్మా. పదకొండు సార్లు మోగింది. చూశాను. ఎత్తలేదు. ఫోనులో వేరే చూస్తూ ఉండిపోయాను. లిఫ్టులో ఎవరున్నారో చూడకుండా స్విచ్ దించింది కూడా నేనే."

ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

"ఆ తర్వాత నేను లిఫ్టు ఎక్కలేదు, తెలుసా? వారానికి ఒక్కసారే దిగుతాను, కూరగాయలకి. రెండంతస్తులకోసారి కూర్చుంటాను."

"తెలీదమ్మా."

"నీకు పుణ్యం ఉంటుందన్నాను కదూ ఆ రోజు?"

"అన్నారు."

"ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను." ఆమె తలుపు పూర్తిగా తెరిచి పట్టుకుంది. "వచ్చి చెప్పావు, సరే. క్షమించాననుకోకు. ఇంక వెళ్లు."

మేస్త్రి దణ్ణం పెట్టి మెట్లు దిగాడు. నాలుగో అంతస్తు దగ్గర కాసేపు కూర్చున్నాడు. ఏదో తేలికపడుతుందనుకున్నాడు. తేలికపడలేదు. కానీ ఆ రోజు గడియారం చూడాల్సిన అవసరం రాలేదు.

*

ఇదంతా జరిగి ఏడాదిన్నర. మధ్యలో ఇంకోసారి జారాడు, ఒక్క రోజు. అది దాచకుండా మర్నాడే భార్యకు చెప్పాడు. ఆమె బట్టలు ఆరేయడానికి వెళ్లిపోయింది. ఆమె కూడా ఇప్పుడు వేరే కౌన్సెలర్ దగ్గరికి వెళ్తోంది. తనలో ఏం లోపమని తనను తాను తవ్వుకోవడం ఆపడానికే ఆమెకు ఎనిమిది నెలలు పట్టింది. దిండు ఇంకా పిల్ల గదిలోనే ఉంది. 'మీరు' మాత్రం తిరిగి వచ్చింది, ఎప్పుడు వచ్చిందో ఇద్దరికీ తెలియదు.

మొన్న మొదటిసారి ఇద్దరూ కలిసి బట్టతల పెద్దాయన ఎదుట కూర్చున్నారు. "మీకేం కావాలమ్మా?" అని ఆయన అడిగాడు.

ఆమె ఆలోచించింది. "నాకు తెలీదండీ. వదిలేసి వెళ్లాలని లేదు. మునుపటిలా ఉండాలనీ లేదు. తెలిసేదాకా అయితే ఉంటాను."

"తెలిశాక?" అన్నాడు మేస్త్రి, ఉండబట్టలేక.

"తెలిశాక మీకే ముందు చెప్తాను. మీలాగా ఫారం మీద దొరికిపోను."

పెద్దాయన నవ్వాలో వద్దో తెలియక కళ్లజోడు సర్దుకున్నాడు. ఆమే ముందు నవ్వింది, కొంచెంగా, కోపం పూర్తిగా దిగకుండానే. తర్వాతి వారానికి టైము రాయించుకుని బయటికి వచ్చారు. బస్సులో ఒక్క సీటే ఖాళీగా ఉంది. ఆమె కూర్చుంది. ఆయన పక్కనే కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.